రాసిన మాటకు పూచీ

జనగామలో కావచ్చు, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో కావచ్చు, భూపాలపల్లిలో కావచ్చు, సాహిత్య సభ ఎక్కడ పెట్టినా కొత్తగా వచ్చిన పిల్లవాణ్నో పిల్లనో అడిగే మొదటి మాట ఒక్కటే: "పుస్తకం వచ్చిందా?" రాలేదంటే అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. వచ్చిందంటే "ఎవరు ఆవిష్కరించిన్రు? అవార్డేమన్న వచ్చిందా?" అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏళ్ల తరబడి సొంత జేబులోంచి ఖర్చు పెట్టుకుని సభలు నడుపుతున్న ఉపాధ్యాయులు, లెక్చరర్లు, సాహిత్యాభిమానులు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న అభిప్రాయం తప్పు. రాసే బలం ఉన్న ఎంతోమందిని అది గడప దగ్గరే ఆపేస్తోంది. అందుకే దాన్ని ఖండించాలి.

ఆ అభిప్రాయం ఇదీ. రచయిత అనిపించుకోవాలంటే అచ్చయిన పుస్తకం ఉండాలి. పుస్తకం రాయాలంటే చదువు ఉండాలి. కూర్చుని రాసుకోవడానికి తీరిక ఉండాలి. పేరు రావాలంటే హైదరాబాద్‌లో ఉండాలి, లేదంటే అక్కడివాళ్లు గుర్తుపట్టాలి. ఈ నాలుగూ కుదిరినవాడు రచయిత. కుదరనివాడు "ఏదో రాస్తుంటడు." ఈ నాలుగు షరతుల్లో ఒక్కటి కూడా ఈ మూడు జిల్లాల సాహిత్య చరిత్ర ముందు నిలబడదు.

మొదట పుస్తకం సంగతి చూద్దాం. పాలకుర్తి ఇవాళ జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. పాల్కురికి సోమనాథుడి ఊరు. అచ్చుయంత్రం తెలుగువాళ్లకు తెలియడానికి వందల ఏళ్ల ముందే ఆయన బసవపురాణం రాశాడు. సంస్కృత వృత్తాల్లో రాసి పండితులను మెప్పించే శక్తి ఉండి కూడా ద్విపదను ఎంచుకున్నాడు. ద్విపద పాడుకోవడానికి వీలుగా ఉంటుంది, అక్షరం రానివాళ్ల నోట కూడా నిలుస్తుంది. బట్టలు ఉతికే మడివాలు మాచయ్య కథను కావ్యంలోకి తెచ్చినవాడికి, ఆ కథ ఎవరి చెవిన పడాలో ముందే తెలుసు. 1369లో భీమకవి ఆ పురాణాన్ని కన్నడంలోకి తీసుకుపోయాడు. 1990లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లిష్ అనువాదాన్ని అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. అచ్చు వచ్చేదాకా పాల్కురికిని బతికించింది పాడుకున్నవాళ్లు, తాటాకుల మీద ఎత్తిరాసుకున్నవాళ్లు. ఆయనను రచయితను చేసింది మాత్రం ఛందస్సులోనూ భాషలోనూ ఆయన తీసుకున్న నిర్ణయం. అచ్చుకు ఆ నిర్ణయంతో సంబంధమే లేదు.

"అది పాతకాలం, అప్పుడు ప్రెస్సులు లేవు కదా" అనేవాళ్లు ఉంటారు. సరే, ప్రెస్సులు వచ్చిన కాలానికే వద్దాం. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాం సర్కారు చేతికి చిక్కి నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు కాగితం లేదు, కలం లేదు. బొగ్గు ముక్కతో గోడ మీద పద్యం రాశారు. గోడ మీది అక్షరాలను జైలువాళ్లు చెరిపేస్తే, తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని నోటికి పట్టి నిలిపారని సాహితీలోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. 'అగ్నిధార' పుస్తకంగా వచ్చింది 1949లో. మరి జైలుగోడ ముందు నిలబడి, శిక్షకు సిద్ధపడి రాస్తున్న ఆ యువకుడు అప్పటికింకా రచయిత కాడా? పుస్తకమే కొలత అయితే కాడనే చెప్పాలి. ఆ మాట అనడానికి మనలో ఎవరికైనా నోరు వస్తుందా?

జనగామకు ఆనుకుని ఉన్న గుండాల మండలం సుద్దాల నుంచి హనుమంతు పాటలు కట్టారు. గొల్లసుద్దులు, యక్షగానం వంటి జనం ఎరిగిన రూపాలను తీసుకుని వాటిలో వెట్టిచాకిరీ గురించి, దొరల గడీల గురించి చెప్పారు. నైజాం సర్కారును నిలదీస్తూ బండి యాదగిరి కట్టిన ఒక్క పాట ఊళ్లు దాటి, తరాలు దాటి, 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతున మళ్లీ లేచింది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఇవాళ జనగామ జిల్లాలోనే ఉంది. ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో మనుషులను కదిలించింది పుస్తకాల షాపులో దొరికిన సాహిత్యం కాదు. చేనుగట్ల మీద, రాత్రిపూట సంఘం సమావేశాల్లో ఒకరి నుంచి ఒకరికి అందిన మాట. ఆ మాటలు కట్టినవాళ్లను "పాటగాళ్లు" అని పక్కన కూర్చోబెట్టి, పుస్తకం వేసుకున్నవాణ్ని "రచయిత" అని ముందు వరుసలోకి పిలవడం చరిత్రకు చేసే అన్యాయం.

ఇంకో సంగతి ఎవరూ బయటికి అనరు. తెలుగులో కవిత్వమైనా కథలైనా, చాలావరకు రాసినవాళ్లే డబ్బు పెట్టుకుని అచ్చు వేయించుకుంటారు. డీటీపీ, కాగితం, ముఖచిత్రం, ప్రింటింగు, ఆ తర్వాత ఆవిష్కరణ సభకు హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, భోజనాలు. జీతం వచ్చేవాడికే ఇదంతా భారం. కూలికి పోయే మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? అవార్డులకు కూడా ఫలానా సంవత్సరాల మధ్య అచ్చయిన పుస్తకం ప్రతులు పంపమనే అడుగుతారు. అంటే డబ్బు లేనివాడికి మొదటి తలుపూ మూతే, రెండో తలుపూ మూతే. పుస్తకమే కొలత అన్నప్పుడు మనం కొలుస్తున్నది రచనను కాదు, రాసినవాడి స్తోమతను. సాహిత్యం పేదవాడి పక్షాన నిలబడాలని వేదికల మీద చెప్పే మనమే, పేదవాడు ఎక్కలేని మెట్టును ఆ వేదికకు కట్టాం.

రెండో షరతు చదువు. రేబర్తి ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది కానీ, జిల్లాలు విడిపోకముందు జనగామ డివిజన్‌లోనిదే. అక్కడ పుట్టిన అందెశ్రీ బడికి పోలేదు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఆయన రాసిన గీతం 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర గీతమైంది. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2025 నవంబర్ 10న ఆయన పోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. చదువు షరతు పెట్టేవాళ్లు అందెశ్రీని "మినహాయింపు" అంటారు, అందరూ అలా కాలేరంటారు. చదువుకున్నవాళ్లు మాత్రం అందరూ కవులవుతున్నారా? అయితే గియితే అక్కడా కొందరే. ఇక్కడా కొందరే. పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెర పోతన తనను తాను సహజ పాండిత్యుణ్నని చెప్పుకున్నాడు. భాగవతం చదివినవాడెవడూ ఆ పాండిత్యం ఎక్కడి నుంచి వచ్చిందని పత్రం అడగలేదు.

ఈ షరతు వల్ల ఎక్కువ నష్టపోయింది కథ చెప్పే కళాకారులు. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం వాసి చుక్క సత్తయ్య ఒగ్గుకథకు సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టారు. దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరినీ "కళాకారులు" అన్నాం. "రచయితలు" అనడానికి మాత్రం మనసొప్పలేదు. పాత కథనే చెప్తారు కదా, సొంతంగా రాసిందేముంది అంటాం.

ఒగ్గుకథ రాత్రంతా కూర్చుని విన్నవాళ్లు ఆ మాట అనలేరు. కథ మల్లన్నదే, బీరప్పదే, ఎల్లమ్మదే. కానీ ఏ ఊళ్లో చెప్తున్నారు, ముందు కూర్చున్నది ఎవరు, ఆ ఇంట్లో శుభమా అశుభమా, తెల్లవారడానికి ఎంత పొద్దుంది అన్నదాన్ని బట్టి కథకుడు అక్కడికక్కడే ఒకచోట పెంచుతాడు, ఇంకోచోట తెంచుతాడు. పాత సందర్భంలోకి ఆ ఊరి మనిషిని తెచ్చి నిలబెడతాడు. వంతపాడేవాడి మాటకు బదులిస్తూ కొత్త మాట పుట్టిస్తాడు. 1930లలో మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియా వెళ్లి ఊరి గాయకుల పాటలు రికార్డు చేశాడు. 1935లో అవ్దో మెజెదోవిచ్ అనే నిరక్షరాస్యుడు 12 వేలకు పైగా పాదాలున్న ఒకే కావ్యాన్ని నోటితో చెప్పి రాయించాడు. గాయకుడు కంఠస్థం చేసింది అప్పజెప్పడం లేదని, పాడుతూనే కావ్యాన్ని కడుతున్నాడని ప్యారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ నిరూపించారు. ప్రాచీన గ్రీకు కవి హోమర్‌ను ప్రపంచం చూసే తీరే దానితో మారిపోయింది. హోమర్‌కు దక్కిన గౌరవం మాణిక్యాపురానికి ఎందుకు దక్కకూడదు? చేతిలో కలం లేకపోయినా, రాత్రంతా కల్పన చేస్తున్న మనిషి రచయితే.

మూడో షరతు తీరిక. రచన అంటే నిమ్మళంగా కూర్చుని చేసేదని, ఇల్లు గడిచే మార్గం ఉన్నవాళ్లకే సాధ్యమని చాలామంది నమ్మకం. భూపాలపల్లిలో సింగరేణి సంస్థకు చెందిన కేటీకే బొగ్గు గనులున్నాయి. బాయి దిగే మనిషికి మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు అని కాలం మూడు ముక్కలవుతుంది. వారం వారం నిద్ర వేళలు మారతాయి. అటువంటి జీవితంలో ఉంటూ రాసినవాళ్లు సింగరేణిలో లేరా? గోదావరిఖనిలో కార్మికుడిగా పనిచేస్తూనే తుమ్మేటి రఘోత్తమరెడ్డి 'పనిపిల్ల', 'చావువిందు' వంటి కథలు రాశారు. దాశరథి రంగాచార్య సికింద్రాబాద్ మునిసిపాలిటీలో ఉద్యోగం చేస్తూనే 1969లో 'చిల్లర దేవుళ్లు' ఇచ్చారు. ఆళ్వారుస్వామి వంటపని చేసి బతికిన రోజులున్నాయి. ఆ మనిషే దేశోద్ధారక గ్రంథమాల నడిపారు, 'ప్రజల మనిషి' నవల రాశారు. ప్రేగ్‌లో ఫ్రాంజ్ కాఫ్కా కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేసి, రాత్రుళ్లు రాసుకున్నాడు. ఫ్యాక్టరీల్లో వేళ్లు తెగిన కార్మికుల ఫైళ్లు చూసిన చేతులే ఆ కథలు రాశాయి. పని రచనకు అడ్డమని అనుకుంటాం కానీ, ఏం రాయాలో చాలాసార్లు పనే చెప్తుంది. బాయిలో పైకప్పు కూలుతుందేమోనని చెవులు రిక్కించి వినే మనిషికి మాటలోని పగులు కూడా వినిపిస్తుంది.

తీరిక షరతు ఆడవాళ్లను మరీ దూరం పెడుతుంది. పొద్దున లేచింది మొదలు ఇంటిపని, చేనుపని, పిల్లలు. రాత్రి అందరూ పడుకున్నాక మిగిలేది అలసట. మహబూబాబాద్ జిల్లా తండాల్లో లంబాడీ స్త్రీలు పెళ్లికి, చావుకు, బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు కట్టి పాడే ఏడుపు పాటలను ఎవరూ సాహిత్యం లెక్కలో వేయలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల సంపుటికి ఆ దుఃఖగీతం పేరే పెట్టి 'ఢావ్లో' అన్నాడు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దానికే వచ్చింది. పురస్కారం అందుకున్నది ఒక యువకుడే కావచ్చు. ఆ పాటను తరతరాలుగా కట్టుకుంటూ వచ్చిన తల్లులు ఆ సాహిత్యానికి తొలి కర్తలు. వాళ్లకు తీరిక ఎవరూ ఇవ్వలేదు, ఉన్న బతుకులోంచే కట్టారు.

ఇక నాలుగోది, నగరం. 1922లో ఉర్దూ రాజ్యమేలుతున్న నైజాంలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తి అనే పల్లె నుంచి 'తెనుగు' వారపత్రిక వెలువడింది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ప్రెస్సును తమ ఊళ్లోకే తెచ్చుకున్నారు. వాళ్లే రాశారు, వాళ్లే అచ్చు పని నేర్చుకున్నారు, చందాదారులకు పంపారు. పత్రిక మొదలుపెట్టడానికి వాళ్లు నగరానికి పోలేదు. పత్రిక ఎక్కడ అవసరమో అక్కడే పెట్టారు. దాశరథి సోదరులు చిన్నగూడూరు వాళ్లు. 'అంపశయ్య'తో తెలుగు నవలకు చైతన్యస్రవంతి దారి చూపి, 'కాలరేఖలు'కు 2004లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవీన్‌ది పాలకుర్తి మండలం వావిలాల. తెలంగాణ ఉద్యమంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల గోడును పాటగా కట్టిన మిట్టపల్లి సురేందర్‌ది భూపాలపల్లి జిల్లా వెలిశాల. చదువుకో ఉద్యోగానికో వీళ్లు నగరానికి పోయి ఉండవచ్చు. రచనకు సరుకు మాత్రం ఊరి నుంచే పట్టుకుపోయారు.

నైజాంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు బయటివాళ్లు తీసిపారేశారు. ఆ మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మంది కవులను వరసగా నిలబెట్టారు. వాళ్లలో ఎంతమందికి అప్పటికి సొంత పుస్తకం ఉంది? సురవరం ఆ ప్రశ్న వేసుకుని ఉంటే సంచికే వచ్చేది కాదు. రాస్తున్నారా, ఆ రాతలో పస ఉందా అని చూశారు. ఊరూరి నుంచి రాతలు తెప్పించుకుని చదివారు. మన తాతలను బయటివాళ్లు ఏ మాటతో అవమానించారో, తొంభై ఏళ్ల తర్వాత అదే మాటతో మనం మన పిల్లలను కొలుస్తున్నాం. "నీ పుస్తకమేది? నిన్నెవరు గుర్తించారు?" అని అడిగిన ప్రతిసారీ మనం సురవరం పక్షం వదిలేసి, ఆయన ఎవరికి జవాబు చెప్పారో వాళ్ల పక్కన నిలబడుతున్నాం.

ఇక్కడ ఎదుటిపక్షంవాళ్ల దగ్గర ఒక బలమైన ప్రశ్న ఉంది. "ఏ కొలతా వద్దంటే ఎట్లా? ఫోన్‌లో నాలుగు లైన్లు కొట్టినవాడూ రచయితేనా? ఉగాదికి పద్యం చదివినవాడూ రచయితేనా?" కాదు. కొలత ఉండాలి, ఇప్పుడున్నదాని కంటే కఠినంగా ఉండాలి. పుస్తకం చాలా సులభమైన కొలత. డబ్బు కడితే నెలలో వస్తుంది. నేను చెప్పే కొలత డబ్బుతో రాదు. రాసిన మాటకు పూచీ పడేవాళ్లే రచయితలు.

పూచీ మూడు వైపులా ఉంటుంది. మొదటిది, ఎవరి గురించి రాశామో వాళ్లకు. మనం రాసిన మనిషి ఆ రాత విని, "ఇది నా బతుకే" అనగలగాలి; కాదంటే ఎందుకు కాదో రాసినవాడు వినాలి. రెండోది, భాషకు. 'చిల్లర దేవుళ్లు'లో దాశరథి రంగాచార్య తెలంగాణ జనం నోటి మాటను నవలలోకి తెచ్చారు. పుస్తకాల భాష వేరే ఉందని అందరూ నమ్ముతున్న రోజుల్లో అది తేలిక పని కాదు. అలవాటైన అలంకారంతో సరిపెట్టుకోకుండా, చెప్పాల్సినదానికి తగిన మాట దొరికేదాకా వెతకడం ఆ పూచీలో భాగం. మూడోది, ఫలితానికి. రాసినందుకు ఏం వచ్చినా ఆ మాట తనదేనని నిలబడడం. కెన్యాలో గూగీ వా థియాంగో 1978లో జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద, తన గికుయు భాషలో నవల రాశాడు. జనగామ జిల్లా చినపెండ్యాలలో పుట్టిన వరవరరావు ఆ నవలను జైల్లోనే ఉండి 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. వాళ్ల రాజకీయాలతో ఎవరైనా విభేదించవచ్చు. రాసిన మాటను మూల్యం చెల్లించి నిలబెట్టుకున్నారన్న సంగతితో విభేదించలేరు.

ఈ కొలత పెడితే పుస్తకాల్లేని చాలామంది లోపలికి వస్తారు. పుస్తకాలున్న కొందరు బయటికి పోతారు కూడా. అధికారి వస్తే అధికారి మీద, నాయకుడు వస్తే నాయకుడి మీద పద్యం చదివి శాలువా కప్పించుకున్న రాతకు ఎవరు పూచీ పడతారు? నాయకుడు మారితే పద్యంలో పేరు మారుతుంది. పోతన భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చాడు, ఏ రాజుకూ ఇవ్వలేదు. బమ్మెర పేరు ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే పద్యం తియ్యదనం ఒక్కటే కారణం కాదు, ఆ అంకితంలో ఉన్న తెగువ కూడా కారణం.

పుస్తకం వద్దని నేను అనడం లేదు. పుస్తకం కావాలి. రాసింది పోకుండా దాచేది అదే. భాగవతంలోనే కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించాల్సి వచ్చింది. అచ్చులేని ఒగ్గుకథ, చిందు ఎంత పోయాయో లెక్కే లేదు. అయితే దాచే పని సమాజానిది. ఆ బాధ్యతను రాసినవాడి మీద వేసి, దాచుకోలేదు కాబట్టి నువ్వు రచయితవే కావని అనడం మన బాధ్యత తప్పించుకోవడమే.

కాబట్టి చేయాల్సింది స్పష్టంగానే ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు రాతప్రతులను కూడా తీసుకోవాలి, చదవాలి, మంచివాటిని సంచికలుగా వేయాలి. డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలు తమ జిల్లాలోని ఒగ్గు, చిందు, తండా పాటలను కట్టినవాళ్ల పేర్లతో సహా రికార్డు చేయాలి. అవార్డులు ఇచ్చే సంస్థలు అచ్చుకాని రచనలకూ తలుపు తెరవాలి. సభలు పెట్టేవాళ్లు "పుస్తకం వచ్చిందా?" అన్న ప్రశ్న మానుకుని, "ఏం రాసినవ్, వినిపించు" అనాలి.

రాస్తున్నవాళ్లతో కూడా ఒక మాట. రచయితనని చెప్పుకోవడానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకండి. మీ ఊరివాళ్ల గురించి రాసింది మీ ఊరివాళ్లకే ముందు చదివి వినిపించండి. వాళ్లు తప్పంటే దిద్దండి, ఒప్పయితే ఎవరు కాదన్నా దానికి కట్టుబడండి. అది చేయగలిగిన రోజు మీరు రచయితలే, పుస్తకం ఉన్నా లేకపోయినా. అది చేయలేకపోతే అలమారా నిండా పుస్తకాలున్నా ఎవరూ మిమ్మల్ని రచయితను చేయలేరు.